బధిరుల పరుగు పందెం: లైటుతో స్టార్ట్ ఇవ్వడం ఎలా?

వ్యాయామ టీచర్:
బధిర విద్యార్థులకు 100 మీ., 200 మీ., 4×100 రిలే పెడుతున్నాం. జెండా ఊపి స్టార్ట్ ఇస్తుంటే "సెట్" (నడుము ఎత్తి కదలకుండా ఆగే స్థితి) దగ్గర పిల్లలు తల ఎత్తి స్టార్టర్ (పందెం మొదలుపెట్టించేవారు) వైపు చూస్తున్నారు, నడుము కిందికి జారిపోతోంది. చివరి లేన్ల వాళ్లు జెండా కనబడక పక్కవాళ్లు కదిలాక కదులుతున్నారు. లైట్లు పెడితే ఎక్కడ పెట్టాలి, ఎలా కలపాలి? కొంచెం వినబడేవాళ్లు చెవి మిషన్‌తో పరిగెత్తవచ్చా?

లేన్ నంబర్ 4:
లేన్‌కి ఒక పెట్టె, నేల మీద. ఎరుపు అంటే "ఆన్ యువర్ మార్క్స్", పసుపు "సెట్", ఆకుపచ్చ "గో". డెఫ్‌లింపిక్స్‌లోనూ (బధిరుల అంతర్జాతీయ క్రీడలు) ఇదే వరుస. సెట్‌లో చూపు సహజంగా నేల మీద ఎక్కడ నిలుస్తుందో అక్కడే పెట్టె ఉండాలి. స్టార్ట్ గీతకి అర మీటరు నుంచి మీటరు ముందు, లేన్ గీతని ఆనించి పెట్టండి, మొదటి అడుగు పడే చోట వద్దు. ఇంకా దూరం పెడితే మళ్లీ తల లేస్తుంది, జెండా కష్టమే తిరిగొస్తుంది.

అన్ని లేన్ల ఆకుపచ్చ లైట్లూ ఒకే స్విచ్ మీద, వైరుతోనే కలపండి. వైర్‌లెస్ లైట్లయితే ఒక్కోటి ఒక్కో ఆలస్యంతో వెలుగుతుంది, పందెం అక్కడే చెడిపోతుంది. ఫిలమెంట్ బల్బు పూర్తి వెలుగుకి రావడానికి సమయం తీసుకుంటుంది కాబట్టి ఎల్‌ఈడీలే వాడాలి. ఎండలో రంగు వెలిసినట్టు కనిపిస్తుంది, ప్రతి లైటుకీ నల్ల పైపు ముక్క తొడగండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు ఉండవచ్చు కనుక ఏ రంగు ఏ స్థానంలో ఉందో అన్ని పెట్టెల్లోనూ ఒకేలా ఉండాలి.

200 మీ.కి వైరు కొలత ముందే చూసుకోండి. ఎనిమిదో లేన్ మొదటి లేన్ కంటే 26 మీటర్లకు పైగా ముందు ఉంటుంది.

పసుపు నుంచి ఆకుపచ్చకి ప్రతిసారీ ఒకే వ్యవధి ఇవ్వకండి, రెండో హీట్‌కే (తొలి దశ పందెం) పిల్లలు లెక్క పట్టేస్తారు. స్విచ్ మీద వేలు కూడా వాళ్లకు కనబడకూడదు.

ఎక్కువమంది మరిచేది ఫాల్స్ స్టార్ట్, అంటే "గో" కంటే ముందే ఎవరైనా పరుగెత్తడం. పరుగు మొదలయ్యాక పెట్టెలు వెనకబడిపోతాయి, ఎరుపు వెలిగించినా చూసేవాళ్లుండరు. 20–30 మీటర్ల దగ్గర ట్రాక్‌కి రెండు వైపులా ఇద్దరు జెండాలతో ఉండి ఆపాలి.

స్టాప్‌వాచ్:
పైదానికి ఒక చేర్పు. లైటుతోపాటు తుపాకీ పేల్చకండి. శబ్దానికి మనిషి సుమారు 0.14–0.16 సెకన్లలో స్పందిస్తే, వెలుగుకి 0.18–0.20 పడుతుంది. కొద్దిగా వినబడే పిల్లవాడికి ఆ తేడా ఉచితంగా దొరుకుతుంది, 100 మీటర్లలో అది పతకమంత తేడా. టైమ్ కీపర్లు కూడా లైటు చూసే వాచ్ నొక్కాలి.

ఆడియాలజీ:
మిషన్ విషయం. డెఫ్‌లింపిక్స్ నియమం ప్రకారం పోటీలోనూ, అక్కడి వార్మప్‌లోనూ చెవి మిషన్, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) బయటి భాగం తీసేయాలి. అర్హత: బాగా వినబడే చెవిలో 500, 1000, 2000 హెర్ట్జ్‌ల దగ్గర వినికిడి నష్టం సగటు కనీసం 55 డెసిబెల్స్. ఉదాహరణకు కుడి 50, 60, 65 (సగటు 58.3), ఎడమ 70, 75, 80 (సగటు 75) అయితే లెక్కలోకి వచ్చేది కుడి చెవే, అర్హత ఉంది. చాలా రిపోర్టుల్లో 4000 హెర్ట్జ్ కూడా కలిపి సగటు రాస్తారు, అంకె పెరిగి కనిపిస్తుంది. అందుకని మీరే మళ్లీ లెక్కేయండి. జలుబు, చెవిలో గులిమి ఉన్నప్పుడు తీసిన ఆడియోగ్రామ్‌ని (వినికిడి పరీక్ష రిపోర్టు) నమ్మకూడదు.

వ్యాయామ టీచర్:
చాలా ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. రిలేలో "హ్యాండ్" అని అరవడం కుదరదు కదా, బ్యాటన్ ఎలా?

లేన్ నంబర్ 4:
అరుపు స్థానంలో అడుగుల లెక్క పెట్టాలి. అందుకునేవాడు వెనక్కి చూస్తూ నిలబడతాడు, తెచ్చేవాడు ట్రాక్ మీది టేపు గుర్తు దాటగానే ముందుకు తిరిగి పరుగందుకుంటాడు. ముందే ఖాయం చేసుకున్న అడుగున, ఎనిమిదో అడుగు అనుకోండి, చెయ్యి వెనక్కి చాచి అలాగే నిలకడగా ఉంచాలి. బ్యాటన్ అరచేతిలో గట్టిగా తగిలేలా పెట్టడం తెచ్చేవాడి పని. ఇచ్చేలోపే అందుకునేవాడు దూరమైపోతుంటే గుర్తుని అర అడుగు చొప్పున అతను నిలబడే చోటు వైపు జరుపుతూ రండి. ఒకరి మీదికి ఒకరు వస్తుంటే ఆ చోటికి దూరంగా జరపండి. ఈ కొలత పూర్తి వేగంలోనే తీసుకోవాలి, మెల్లగా పరిగెత్తి పెట్టిన గుర్తు పందెం రోజు పనికిరాదు.