పాత బొంతకు చేత్తో మాసిక వేయడం ఎలా?

ప్రశ్న: మా అమ్మమ్మ పాత నూలు గుడ్డలతో కుట్టిన బొంతలో ముదురు గోధుమ రంగు ముక్కలు మాత్రమే పొడిపొడిగా రాలిపోయి, లోపలి దూది బయటికి వస్తోంది. ఆవిడ చేతి కుట్టు చెడకుండా దీన్ని బాగుచేసే పద్ధతి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు: పాత అద్దకాల్లో ముదురు గోధుమ, నలుపు రంగుల కోసం వాడిన ఇనుప లవణాలు నూలును క్రమంగా తినేస్తాయి కనుక, ఆ ముక్కలే ముందుగా చివికిపోతాయి. వాటిని కత్తిరించి తీసేయకండి. ముందే ఉతికి ఆరబెట్టిన పలుచని నూలు గుడ్డను రంగు కలిసేలా ఎంచుకొని, చివికిన ముక్కపై పరచి, అంచులను లోపలికి మడిచి, గట్టిగా ఉన్న పక్క ముక్కల అంచు వెంట కనపడీ కనపడని చిన్న కుట్లు వేయండి. ఆవిడ కుట్టు కిందనే భద్రంగా ఉంటుంది.

రెండో జవాబు: దారం విషయంలో జాగ్రత్త అవసరం. పాలిస్టర్ దారం పాత గుడ్డ కంటే బలమైనది కావడం వల్ల, లాగుడు పడినప్పుడు దారం తెగదు, గుడ్డే కోసుకుపోతుంది. సన్నని నూలు దారమే మేలు.

మూడో జవాబు: మాసిక వేయకముందు మాత్రం ఉతకవద్దు. తడిసిన దూది బరువుకు చిరుగులు ఇంకా పెరుగుతాయి.