ఎస్సీ ప్రత్యేక నిధి ల్యాప్స్ అయింది అంటున్నరు, చట్టం ప్రకారం అట్ల అయితదా?

నల్లగొండ_పోరగాడు:
అందరికి నమస్తే. మా ఊర్ల ఎస్సీ కాలనీకి సీసీ రోడ్డు, సైడు డ్రైనేజీ శాంక్షన్ అయినయని పోయినేడు చెప్పిన్రు, టేపులు పట్టి కొలిచి ఎస్టిమేట్ గూడ వేసిన్రు, పని మాత్రం మొదలు కాలె. ఏప్రిల్‌ల పోయి అడిగితే మార్చి దాటింది, ఫండ్స్ ల్యాప్స్ అయినయ్, మళ్ల కొత్తగ పెట్టుకోవాలె అన్నరు. 2017ల తెలంగాణల వచ్చిన ఎస్సీ ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ప్రకారం ఖర్చు కాని పైసలు వచ్చే యేడుకు క్యారీ ఫార్వర్డ్ అయితయ్ అని మస్తుసార్లు విన్న, మరి ల్యాప్స్ ఎట్ల అయితయ్? వానలు పడితే ఆ కాలనీ పిల్లలు చెప్పులు చేతుల పట్టుకొని బడికి పోతరు, అందుకే అడుగుతున్న. తెల్సినోళ్లు జర చెప్పుండ్రి.

ట్రెజరీ_రిటైర్డ్:
తమ్ముడూ, ఆఫీసులో చెప్పిందీ కరెక్టే, నువ్వు విన్నదీ కరెక్టే, కాకపోతే రెండూ వేర్వేరు సంగతులు. సర్కారు ఖజానాలోంచి అంటే సంఘటిత నిధిలోంచి రూపాయి తియ్యాలన్నా అసెంబ్లీ ద్రవ్య వినిమయ బిల్లు పాస్ చెయ్యాల్సిందే, రాజ్యాంగంలో 204, 266 అధికరణాలు ఉన్నది అందుకే. ఆ పర్మిషన్ ఒక్క ఆర్థిక సంవత్సరానికే, మార్చి 31తో సరి, ఎస్సీ నిధి అయినా నీటిపారుదల అయినా రూలు ఒకటే. 2017 చట్టం చెప్పేదేందంటే ఖర్చు తగ్గిన మేరకు వచ్చే యేడు కేటాయింపులో కలిపి భర్తీ చెయ్యాలని. అంటే అది రాష్ట్రం మొత్తం ఫండ్‌కి కలుస్తది, మీ కాలనీ రోడ్డు పేరు మీద పైసలు పక్కకు తీసి పెట్టరు, అది మళ్లీ ప్రపోజల్‌లో ఉండాల్సిందే.

ఇంకో మెలిక ఉంది, చానామందికి తెల్వదు. మిగిలిందంతా భర్తీ కాదు. రాష్ట్రం మొత్తం బడ్జెట్ ఎంత శాతం ఖర్చయిందో దాంతో పోల్చి చూస్తరు. ఉదాహరణకు మొత్తం బడ్జెట్‌లో 80 శాతం ఖర్చయి ఈ నిధిలో 60 శాతమే అయిందనుకో, తేడా 20 శాతానికే లెక్క, ఖర్చు కాని 40 మొత్తానికి కాదు. చట్టం బలం, బలహీనత రెండూ ఈ ఒక్క వాక్యంలోనే ఉన్నయి అని నా అభిప్రాయం.

గుంటూరు_గోపి:
మీకు ఆ మాత్రమైనా ఉంది అండి. ఉమ్మడి రాష్ట్రంలో 2012 డిసెంబర్లో అసెంబ్లీ పాస్ చేసి 2013 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ ఎస్టీ సబ్ ప్లాన్ చట్టంలో ఈ భర్తీ మాటే లేదు, దళిత సంఘాలు మొదట్నుంచీ అడిగింది అదే. పైగా దానికి పదేళ్ల గడువు పెట్టారు, 2023 జనవరిలో గడువు తీరిపోతుంటే ఆంధ్రాలో ఆర్డినెన్స్ తెచ్చి ఇంకో పదేళ్లు పొడిగించారు, పొడిగించడం మంచిదే కానీ లోపాలు సరిచెయ్యడానికి అంతకన్నా మంచి టైం ఎప్పుడొస్తుంది చెప్పండి. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఆ విడదియ్యలేని పనుల క్లాజు. పెద్ద రోడ్డో ప్రాజెక్టో కడితే అందరూ వాడతారు కాబట్టి అందులో కొంత వాటా ఎస్సీల కోసం ఖర్చయినట్టే అని లెక్కలో రాసేస్తారు, కాయితం మీద నిధి ఖర్చయిపోతుంది, కాలనీలో తట్టెడు మట్టి కూడా పడదు. కర్ణాటక చట్టంలో కూడా ఇలాంటిదే 7(డి) సెక్షన్ ఉండేది, 2023లో తీసేశారు. మనవాళ్లూ తియ్యాలి.

బడ్జెట్_బుక్స్:
బ్రదర్, కేటాయింపు అంకె చూసి నమ్మొద్దు, ఏ పార్టీ సర్కార్ అయినా సరే. ఆర్థిక శాఖ వెబ్‌సైట్లో డిమాండ్ల పుస్తకాలు, అంటే శాఖల వారీ బడ్జెట్ పుస్తకాలు, పీడీఎఫ్‌లో ఉంటాయి. ఖాతా నంబర్ల మధ్యలో 789 అని ఉంటే అది ఎస్సీ నిధి, 796 ఉంటే ఎస్టీ నిధి, దేశమంతా ఇవే కోడ్‌లు. పంచాయతీరాజ్ డిమాండ్ తెరిచి 789 అని వెతుకు. ప్రతి లైన్‌కి ఎదురుగా లెక్కలు, బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా అని కాలమ్‌లు ఉంటాయి. లెక్కలు అన్న కాలమ్ ఒక్కటే నిజంగా ఖర్చయిన డబ్బు, అది రెండేళ్ల కిందటి సంవత్సరానిది, అందుకే దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ సంవత్సరం పాత పుస్తకం కూడా తీసి అప్పుడు ఎంత చూపించారో పక్కన పెట్టుకుంటే గ్యాప్ నీకే కనిపిస్తుంది. తెలంగాణలో 2011 జనాభా లెక్కల ప్రకారం ఎస్సీలు 15.45 శాతం, ఎస్టీలు 9.08, కేటాయింపు ఆ దామాషాలోనే ఉండాలి, అది మామూలుగా చూపిస్తారు, ఎక్కడ తేడా కొడుతుందంటే రిలీజ్ దగ్గర.

నల్లగొండ_పోరగాడు:
థాంక్స్ అన్నా, 789 సంగతి ఇయ్యాలే తెల్సింది. మరి మా పనికి అసలు పైసలు రిలీజ్ అయినయా, అయినంక వాపస్ పోయినయా, అది ఎట్ల తెలుస్తది?

ట్రెజరీ_రిటైర్డ్:
ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. నిధి ఏమైంది అని గుండుగుత్తగా అడిగితే గుండుగుత్తగానే జవాబొస్తది. మూడే అడుగు: మీ పని పరిపాలనా మంజూరు ఉత్తర్వు కాపీ, దానికి బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ వచ్చిందా వస్తే తేదీ, నంబరు, మార్చి 31 నాటికి ఆ ఖాతాలో ఖర్చు కాకుండా సరెండర్ చేసిన, అంటే వాపస్ పంపిన మొత్తం. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన ఆఫీసుల్లో 10. ఇంజనీర్ల డివిజన్ ఆఫీసులో ఇవ్వు, అంచనా వేసింది వాళ్లే కాబట్టి ఫైలు అక్కడుంటది. 30 రోజుల్లో ఇయ్యకపోతే ఫస్ట్ అప్పీలు. రిలీజ్ ఆర్డరే రాలేదంటే ఇక్కడి ఇంజనీర్ మీద కోప్పడి లాభం లేదు, ఎమ్మెల్యేకి రాసేటప్పుడు ఆ జవాబు జిరాక్స్ జతచెయ్యి, ఈసారి ప్రపోజల్‌లో మీ కాలనీ పేరు ఉందో లేదో వానలకు ముందే కనుక్కో.