‘నాకు’ ఇంగ్లీషులో ఎన్ని వేషాలు వేస్తుంది?

నలభై దాటిన విద్యార్థి:
అందరికీ నమస్కారం. చిన్నప్పుడు చదువు మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు నలభై మూడేళ్ల వయసులో ఇంగ్లీషు వ్యాకరణం మొదలుపెట్టాను. రోజూ రాత్రి నోటుబుక్కులో ఐదు వాక్యాలు సొంతంగా రాయాలని నియమం పెట్టుకున్నాను. నిన్న నా గురించి ఇలా రాసుకున్నాను: “టు మీ టూ సన్స్ ఆర్ దేర్. టు మీ హంగ్రీ ఈజ్ కమింగ్. టు మీ ఇంగ్లీష్ నాట్ కమ్.” మా పెద్దవాడు చూసి నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. తిరిగొచ్చి, మూడింటికీ మొదట ‘ఐ’ రావాలి నాన్నా అన్నాడు. ఎందుకురా అంటే, అంతే, అలాగే అంటారు అన్నాడు.

‘ఐ’ అంటే నేను కదా, నేను చెప్పాలనుకున్నది ‘నాకు’. సరే, నాకు అన్నచోటల్లా ‘ఐ’ వేద్దామని “ఆయన నాకు పెన్ను ఇచ్చాడు” అనడానికి “హి గేవ్ ఐ ఎ పెన్” అని రాస్తే, అదీ తప్పేనన్నాడు. టెన్షన్ వచ్చి పుస్తకం మూసేశాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాత పంతులమ్మ:
మీరు రాసింది ఇంగ్లీషు మాటలు తొడుక్కున్న చక్కని తెలుగు అండీ. అందుకే మీకు తప్పనిపించలేదు.

“నాకు ఆకలేస్తోంది” అనే వాక్యంలో క్రియ ఎవరి మాట వింటోందో చూడండి. మీ మాటే వింటే ‘వేస్తున్నాను’ అని ఉండాలి. అది ఆకలి మాట వింటోంది. తెలుగులో ఆకలి, నిద్ర, కోపం, జ్వరం అన్నీ ఎక్కడినుంచో వచ్చి మన మీద వాలతాయి. మనం ‘కు’ తగిలించుకుని పక్కన నిలబడతాం. ఇప్పటి ఇంగ్లీషుకి ఆ మర్యాద తెలియదు. ఆకలి ఎవరిదైతే వాళ్లనే వాక్యం మొదట్లో కూర్చోబెట్టి, క్రియను వాళ్ల చెప్పుచేతల్లో పెడుతుంది: ‘ఐ యామ్ హంగ్రీ’.

పెన్ను సంగతి వేరు. అక్కడ ఇచ్చిన మనిషి ఒకడున్నాడు, మొదటి కుర్చీ అతనిది. మీరు పుచ్చుకున్నవారు, కాబట్టి ‘మీ’: ‘హి గేవ్ మీ ఎ పెన్’. (ఈ ‘మీ’ని తెలుగు ‘మీ’ అనుకునేవాళ్లూ ఉంటారు. ఎదుటివాళ్ల పేరు అడగబోయి ‘వాట్ ఈజ్ మీ నేమ్’ అన్నాయన నా క్లాసులోనే ఉండేవారు.)

ఇక ‘ఐ’ తర్వాత ఏం రాయాలి? మనుషులు, వస్తువులు, పని, జబ్బు ఉన్నాయని చెప్పాలంటే ‘హ్యావ్’: ‘ఐ హ్యావ్ టూ సన్స్’, ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’. ఒంటి తీరు, మనసు తీరు అయితే ‘యామ్’: హంగ్రీ, స్లీపీ, యాంగ్రీ. వయసూ ఇందులోకే వస్తుంది: ‘ఐ యామ్ ఫార్టీ త్రీ’. తెలుసు, కావాలి, గుర్తుంది, అర్థమైంది లాంటివాటికి సొంత క్రియలున్నాయి: నో, వాంట్, రిమెంబర్, అండర్‌స్టాండ్. వీటి ముందుకి ‘యామ్’ని రానివ్వకండి. మొదటి పాఠంలోనే ‘ఐ యామ్’ అని జంటగా బట్టీపట్టిస్తారు. ఇక ఆ జంటను విడదీయడం ఎవరి తరమూ కాదు. ‘ఐ యామ్ నో’, ‘ఐ యామ్ గో’ అలా పుట్టినవే.

మీ మూడో వాక్యం మాత్రం నాకు భలే నచ్చింది. మనకు భాష వస్తుంది, ఈత వస్తుంది, వంట వస్తుంది. ఇంగ్లీషులో ‘కమ్’ అంటే అది నిజంగానే నడిచి రావాలి. తెలిసిన సంగతికి ‘నో’, చేతనైన పనికి ‘కెన్’ వాడండి: ‘ఐ డోంట్ నో ఇంగ్లీష్’, ‘ఐ కెన్ స్విమ్’. ‘నో’ లాంటి క్రియ ముందు ఒట్టి ‘నాట్’ నిలబడదు, ‘డు’ తోడు రావాలి. అదే ఆ ‘డోంట్’.

నలభై దాటిన విద్యార్థి:
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు దండాలు మేడం. ‘ఉంది’కి ‘హ్యావ్’ అన్నారు కదా. అయితే “నాకు వెళ్లాలని ఉంది” అంటే ‘ఐ హ్యావ్ టు గో’, అంతేనా?

పాత పంతులమ్మ:
అయ్యో, సరిగ్గా గోతిలో కాలు పెట్టారు! ‘ఐ హ్యావ్ టు గో’ అంటే వెళ్లక తప్పదు అని, మన ‘నేను వెళ్లాలి’. మీది కోరిక కాబట్టి ‘ఐ వాంట్ టు గో’. ‘ఉంది’ కనబడగానే ‘హ్యావ్’ వేసేయకుండా, అక్కడ ఉన్నది ఏమిటో చూడండి. ఇక్కడ ఉన్నది కోరిక.

తోకచుక్క:
పంతులమ్మ గారూ, నాదొక చిక్కు. “ఆ పాట నాకు నచ్చింది” అనే వాక్యంలో క్రియ పాట మాటే వింటోంది. పెన్ను ఇచ్చినవాడిలా మొదటి కుర్చీ పాటకివ్వాలి కదా. ‘ద సాంగ్ లైక్డ్ మీ’ అందామా?

పాత పంతులమ్మ:
పట్టేశారు. పాట తనుగా ఏమీ చేయలేదు అని తప్పించుకోవచ్చు. “ఆ మాట నాకు కోపం తెప్పించింది” అంటే మాట ఏదో చేసింది, అందుకే ‘దట్ మేడ్ మీ యాంగ్రీ’. కానీ “ఈ చొక్కా నాకు సరిపోయింది” అంటే చొక్కా ఏం చేసింది? అయినా ‘ద షర్ట్ ఫిట్స్ మీ’ అనే అంటాం. నేను చెప్పింది చేతికర్ర లాంటిది, అన్నిచోట్లా ఆనదు. నచ్చు అంటే లైక్ అని విడి మాటలు రాసుకోవడం కంటే, ‘నాకు నచ్చింది’ ఎదురుగా ‘ఐ లైక్డ్ ఇట్’ అని వాక్యం మొత్తం రాసుకోవడం మేలు.

నిఘంటువుల పురుగు:
తోకచుక్క గారు వేళాకోళానికి అన్న వాక్యం ఒకప్పుడు మంచి ఇంగ్లీషే! ‘లైక్’ పాత అర్థం అచ్చంగా మన ‘నచ్చు’. షేక్స్పియర్ నాటకం చివర్లో, పోటీకి ముందు కత్తి చేతపట్టి చూసుకుని హామ్లెట్ ‘దిస్ లైక్స్ మీ వెల్’ అంటాడు. ఇది నాకు బాగా నచ్చింది అని. ‘మీథింక్స్’ కూడా ఆ కోవదే, దానర్థం ‘నాకు అనిపిస్తోంది’. పాత ఇంగ్లీషులో ఆలోచించడానికి ఒక క్రియ, అనిపించడానికి ఇంకో క్రియ ఉండేవి. రూపాలు దగ్గరగా ఉండి చివరికి ‘థింక్’ అనే ఒకే మాటగా కలిసిపోయాయి. షేక్స్పియర్ పోయింది 1616లో, అంటే మన ‘నాకు’ ఇంగ్లీషులో నాలుగు వందల ఏళ్ల కిందటి వరకూ కాస్తో కూస్తో బతికే ఉంది.

తర్వాత ఏమైందంటారా? “రాజుకు పళ్లు నచ్చాయి” అనే వాక్యంలో ‘కు’ రాలిపోయిందనుకోండి. “రాజు పళ్లు నచ్చాయి” అని మిగులుతుంది. వినేవాడు మొదట ఉన్న రాజునే కర్త అనుకుంటాడు. ఇంగ్లీషులో నామవాచకాల విభక్తి ప్రత్యయాలు అరిగిపోయాక జరిగింది ఇదే. మనం బళ్లో “కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్” అని షష్ఠీ విభక్తి వల్లించాం. ఆ ‘కున్’ మనకు రాలిపోలేదు కాబట్టే ఇవాళ ఈ గొడవ.

నలభై దాటిన విద్యార్థి:
రాజు పళ్ల కథ మా వాడికి చెప్పాను, ఈసారి నవ్వలేదు. ఇవాళ్టి ఐదు ఇవిగో: “ఐ హ్యావ్ టూ సన్స్. ఐ యామ్ ఫార్టీ త్రీ. ఐ డోంట్ నో ఇంగ్లీష్ వెల్. ఐ కెన్ రైడ్ ఎ బైక్. మై సన్ లాఫ్డ్, బట్ యు ఎక్స్‌ప్లెయిన్డ్ మీ.”

పాత పంతులమ్మ:
నాలుగు బంగారం! ఐదోదాన్ని ‘ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ టు మీ’ అని దిద్దుకోండి.

నలభై దాటిన విద్యార్థి:
అదేంటి మేడం, ‘టోల్డ్ మీ’ ఒప్పయినప్పుడు ‘ఎక్స్‌ప్లెయిన్డ్ మీ’ తప్పెలా అవుతుంది? ‘టు మీ’ తీసెయ్యమన్నారని అన్నిచోట్లా కొట్టేశాను!

తోకచుక్క:
సార్, ఈ ‘టు’ పంచాయతీకి వేరే పోస్టు పెట్టండి. అప్పటికి మీ పెద్దబ్బాయిని కూడా గ్రూపులో చేర్చేయండి.