ఆన్‌లైన్ బీసీఏతో సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ రాయొచ్చా?

ఉద్దానం_కుర్రాడు
ఇంటర్ ఎంపీసీ చదివాను. ఇప్పుడు ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఆన్‌లైన్ బీసీఏ రెండో ఏడాది. ఆర్మీకో ఎయిర్‌ఫోర్స్‌కో ఆఫీసర్‌గా వెళ్లాలని ఉంది. త్రివిధ దళాల ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ పెట్టే సీడీఎస్, ఎయిర్‌ఫోర్స్ సొంతంగా పెట్టే ఏఎఫ్‌క్యాట్ రాద్దామనుకుంటున్నాను. రెగ్యులర్ డిగ్రీ లేకపోతే రాత పరీక్ష పాసైనా ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ)లో కాగితాలు చూసి వెనక్కి పంపేస్తారని కోచింగ్ సెంటర్లో అంటున్నారు. నిజమేనా? కంప్యూటర్ డిగ్రీ కదా, టెక్నికల్ ఎంట్రీకి పనికొస్తుందా?

గెజిట్_గారు
డిగ్రీ ఆన్‌లైన్‌ది అన్న ఒక్క కారణంతో పంపేయరు తమ్ముడూ. సీడీఎస్‌లో ఐఎంఏ, ఓటీఏలకు (ఆర్మీ ఆఫీసర్ల శిక్షణ అకాడమీలు) అడిగేది గుర్తింపు ఉన్న యూనివర్సిటీ డిగ్రీ, అంతే. కనీస శాతం కూడా లేదు. యూజీసీ 2020లో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ నిబంధనల్లో 22వది చూడు: అనుమతి ఉన్న సంస్థ ఆ పద్ధతుల్లో ఇచ్చిన డిగ్రీ, కాలేజీకెళ్లి చదివిన డిగ్రీతో సమానం. 2022 సెప్టెంబరులో యూజీసీ ఇదే మాట మళ్లీ ప్రకటనగా ఇచ్చింది. కేంద్ర ఉద్యోగాలకు దూరవిద్య డిగ్రీలు చెల్లుతాయని 2015 జూన్ 10 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఎలాగూ ఉంది.

మెలిక అంతా "అనుమతి ఉన్న" అన్న మాటలోనే ఉంది. యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉంటే సరిపోదు. నువ్వు చేరిన సెషన్‌లో, ఆ కోర్సును, ఆన్‌లైన్ పద్ధతిలో నడపడానికి విడిగా అనుమతి ఉండాలి. డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్లో ఏడాదివారీ జాబితా ఉంటుంది. అందులో యూనివర్సిటీ పేరు కనబడగానే ఊపిరి పీల్చుకోకు. దాని కింద కోర్సుల పట్టీ తెరిచి బీసీఏ ఉందో లేదో, ఆన్‌లైన్ కింద ఉందో దూరవిద్య కింద ఉందో చూడు. అవి రెండూ వేర్వేరు అనుమతులు. ఆ పేజీని ఇప్పుడే పీడీఎఫ్‌గా దాచుకో, అడ్మిషన్ లెటర్ పక్కన పెట్టు. 2024 నుంచి చేరేవాళ్లకు డెబ్ ఐడీ (ఆ బ్యూరో పోర్టల్‌లో విద్యార్థికి వచ్చే నంబరు) తప్పనిసరి చేశారు. ఆ తర్వాత చేరి ఉండి నీకు డెబ్ ఐడీ లేకపోతే అనుమానించాల్సిందే.

ఇంకో మాట. అమీర్‌పేటలో గది తీసుకుని పక్క రాష్ట్రం ప్రైవేటు యూనివర్సిటీ "స్టడీ సెంటర్" అని బోర్డు పెట్టేవాళ్ల దగ్గర చేరి ఉంటే ముందు అది తేల్చుకో. ఫ్రాంచైజీ సెంటర్లకు నిబంధనలు ఒప్పుకోవు.

దుండిగల్_దారి
పై అన్న చెప్పింది కరెక్టే. ఏ ఎంట్రీకి ఏం కావాలో నేను చెప్తాను.

ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్‌కు దారి మూసుకోలేదు. సీడీఎస్ నుంచి వెళ్తే ఏదైనా డిగ్రీ, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చాలు. ఏఎఫ్‌క్యాట్ నుంచైతే ఆ రెండింటిలో చెరో 50 శాతం, డిగ్రీలో 60 శాతం కావాలి. ఆన్‌లైన్ వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ 60 దగ్గరే. అసైన్‌మెంట్లు తేలిగ్గా తీసుకుని 57, 58తో బయటికొస్తారు. ఇప్పటి నుంచే సెమిస్టర్‌వారీ లెక్క పెట్టుకో.

టెక్నికల్ మాత్రం మర్చిపో. ఆర్మీలో టీజీసీ, ఎస్‌ఎస్‌సీ టెక్ అనే టెక్నికల్ ఎంట్రీలు, సీడీఎస్‌లో నేవల్ అకాడమీ, అన్నిటికీ ఇంజినీరింగ్ డిగ్రీయే కావాలి. బీఈ, బీటెక్‌ను ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో ఇవ్వడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. ఎవరైనా "వీకెండ్ ఆన్‌లైన్ బీటెక్" అమ్మజూపితే డబ్బు కట్టకు. ఐఐటీ మద్రాస్ ఇచ్చే బీఎస్ డేటా సైన్స్ కూడా మంచి డిగ్రీయే గానీ బీటెక్ కాదు. జేఏజీకి (ఆర్మీ న్యాయ విభాగం) లా డిగ్రీ 55 శాతంతో కావాలి, లా కూడా ఆన్‌లైన్‌లో కుదరదు.

ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ నీకు కష్టం. దానికి సీనియర్ డివిజన్‌లో చేసిన సర్వీసు, సీ సర్టిఫికెట్ కావాలి. ఆ యూనిట్లు ఉండేది కాలేజీల్లో.

ఉద్దానం_కుర్రాడు
థాంక్స్ అన్నా. జాబితాలో బీసీఏ ఆన్‌లైన్ కింద కనిపించింది, పీడీఎఫ్ తీసిపెట్టుకున్నాను. ఫైనల్ ఇయర్‌లో ఉండగానే రాయొచ్చా? మా దగ్గర రిజల్ట్స్ బాగా లేటు.

గెజిట్_గారు
రాయొచ్చు. కానీ అసలు ప్రమాదం ఆ లేటులోనే ఉంది. ఏప్రిల్‌లో జరిగే సీడీఎస్ ఒకటితో ఐఎంఏ కోర్సు మరుసటి జనవరిలో, ఓటీఏ కోర్సు ఏప్రిల్‌లో మొదలవుతాయి. సెప్టెంబరులో రాసే సీడీఎస్ రెండుతో జూలైలో, అక్టోబరులో. డిగ్రీ పాసైన రుజువు ఇవ్వాల్సిన చివరి తేదీ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, అకాడమీని బట్టి మారుతుంది. ఆ తేదీ దాటితే ఎస్‌ఎస్‌బీలో రికమెండ్ అయినా, మెడికల్ ఫిట్ అయినా లాభం లేదు.

ఇగ్నో (దూరవిద్య యూనివర్సిటీ) వాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. జూన్ పరీక్షలన్నీ పాసవుతారు, ఒక్క అసైన్‌మెంట్ మార్కు ఎక్కదు. గ్రేడ్ కార్డులో ఆ సబ్జెక్టు ఎదురుగా "నాట్ కంప్లీటెడ్" అని అలాగే ఉండిపోతుంది, ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాదు. నీ యూనివర్సిటీలో కూడా ఇంటర్నల్ మార్కులు పోర్టల్‌లో ఎక్కాయో లేదో ప్రతి సెమిస్టర్ చూసుకో, లేకపోతే అప్పుడే మెయిల్ పెట్టు. ఆఖరి సెమిస్టర్‌లో అన్నీ కలిపి అడిగితే ఎవరూ పట్టించుకోరు.

ఎస్‌ఎస్‌బీకి వెళ్లేటప్పుడు ఫలితం ఫలానా తేదీకి వస్తుందని యూనివర్సిటీ నుంచి లెటర్ అడుగుతారు. నీకు కాలేజీ ప్రిన్సిపాల్ ఉండరు కాబట్టి రిజిస్ట్రార్ ఆఫీసు నుంచో, పరీక్షల కంట్రోలర్ నుంచో సంతకం, స్టాంపుతో తెచ్చుకోవాలి. కాల్ లెటర్ వచ్చాక మొదలుపెడితే కుదరదు, నెల ముందే అడుగు.

దుండిగల్_దారి
ఏఎఫ్‌క్యాట్‌లో ఫైనల్ ఇయర్ వాళ్లకు బ్యాక్‌లాగ్స్ ఉండకూడదన్న షరతు కూడా ఉంది. వయసు కూడా చూసుకో తమ్ముడూ. ఐఎంఏకి సుమారు 19 నుంచి 24, ఓటీఏకి 25, ఫ్లయింగ్‌కు 20 నుంచి 24, గ్రౌండ్ డ్యూటీకి 26 వరకు. ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేయడానికి ఎక్కువ ఏళ్లు ఇస్తారు కదా అని సాగదీస్తే డిగ్రీ చేతికొచ్చేసరికి వయసు దాటిపోతుంది. దరఖాస్తులో డిగ్రీ పేరు మార్కుల మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయి.