సమస్యాపూరణం: “చల్లగాలి వేయఁ జలియె తొలఁగె”

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు కట్టి, చల్లగాలి వేస్తే చలి పోయిందనే ఈ కింది వింత మాటకు అర్థం కుదర్చాలి.

చల్లగాలి వేయఁ జలియె తొలఁగె

అంశం కూడా ఇస్తున్నాను: చలికాలం పొద్దున హైబ్రిడ్ కారును (ఇంజన్, బ్యాటరీ రెండింటితో నడిచేది) వెచ్చబెట్టి, అద్దం మీద మంచు తీయడం. మన సభ్యుల్లో చాలామంది మంచు పడే ఊళ్లలోనే ఉన్నారు, రోజూ ఆ పని చేస్తున్నవారే. అందుకే ఒక షరతు పెడుతున్నాను. యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరమైత్రి), గణాలు (లఘుగురువుల గుంపులు) ఎంత ముఖ్యమో కారు పనిచేసే తీరు కూడా అంతే ముఖ్యం. యంత్రం చేయని పనిని పద్యంలో చేయించవద్దు.

షికాగో నుంచి:

అద్దమంత మసక యావిరి కమ్మంగ
వేడిమీట నొక్కి వేచి చూచి
తడినిఁ బీల్చునట్టి దారినిఁ గని నేను
చల్లగాలి వేయఁ జలియె తొలఁగె

కారులో కూర్చోగానే మన ఊపిరిలోని తేమ అద్దానికి పడుతుంది. హీటర్ ఒక్కటే వేస్తే అది త్వరగా పోదు. ఏసీ కూడా వేస్తే గాలిలో తేమ తగ్గి అద్దం తేటపడుతుంది. డీఫ్రాస్ట్ (అద్దం తేటపరిచే) మీట నొక్కితే చాలా కార్లలో ఏసీ దానంతటదే మొదలయ్యేది ఇందుకే. చలికాలంలో ఏసీ ఏమిటని మా ఇంట్లో అందరూ అడుగుతారు, సమస్య చూడగానే అదే తట్టింది.

నిర్వాహకుడు: మాస్టారూ, నడక హాయిగా ఉంది. మొదటి పాదంలో “అద్ద”కు “యావిరి” చక్కని స్వరయతి, అచ్చుకు అచ్చు కుదిరింది. అయితే ఒక చిక్కు. మొదటి పాదంలో కమ్మింది ఆవిరి, చివర తొలగింది చలి. ఏది పట్టిందో అదే పోవాలి కదా. ఆ రెంటికీ ముడి పడలేదు.

మిన్నియాపొలిస్ నుంచి: మాస్టారూ, నాదీ ఒక మాట. మా దగ్గర జనవరిలో మైనస్ 20 డిగ్రీలు (సెల్సియస్) మామూలే. బయట సున్నాకు దగ్గరపడితే చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ (చల్లబరిచే వాయువును అదిమే యంత్రం) అసలు తిరగదు. తిరిగితే లోపలి కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టపు చుట్ట) మీద తేమ గడ్డకట్టి గాలి దారి మూసుకుపోతుంది. కాబట్టి మీ పద్యం వాన పడే నవంబరు పొద్దుటికి నిజం, మా జనవరికి కాదు. గడ్డకట్టే చలిలో తడిని పీల్చేది బయటి గాలే. సున్నా డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలిలో సుమారు 5 గ్రాముల ఆవిరి మాత్రమే ఇముడుతుంది, 20 డిగ్రీలకు వేడెక్కితే 17 గ్రాముల దాకా పడుతుంది. అంటే బయటి గాలిని లోపలికి తీసుకుని వేడిచేస్తే అది దాహంతో ఉన్నట్టే. లోపలి గాలినే తిప్పే మీట పొరపాటున నొక్కి ఉంచితే మాత్రం ఎంత వేడి పెట్టినా అద్దం చెమరుస్తూనే ఉంటుంది.

నిర్వాహకుడు: ఇది విలువైన సవరణ. షికాగో మాస్టారు మూడో పాదం మళ్లీ చూస్తారని ఆశిస్తున్నాను.

టొరంటో నుంచి:

గాజుపైన మంచు గడ్డగా బిగియంగ
గీకి గీకి చేయి కీలు నొచ్చె
నీటఁ గలుపు మందు నేర్పుగా నాపైన
చల్ల, గాలి వేయఁ, జలియె తొలఁగె

నిర్వాహకుడు: భేష్ అక్కయ్యా! “చల్ల”ను విడగొట్టి చిలకరించడమనే అర్థం తెచ్చారు. సమస్యలో ఉన్న వైరుధ్యం ఒక్క కామాతో పోయింది. “గీకి”కి “కీలు” యతి కూడా పనికి తగ్గట్టే పడింది. “మందు” ఏమిటో చెబుతారా?

టొరంటో నుంచి: మందుల షాపులో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్ అండీ. అది రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపి స్ప్రే సీసాలో పోసి ఇంట్లోనే ఉంచుతాను. మంచు మీద చల్లితే బిగి వదులుతుంది, తర్వాత గీకుడుపలక ఇట్టే జారుతుంది. హైబ్రిడ్‌కు ఇది మరీ అవసరం. దాని ఇంజన్ మామూలు కారులాగా ఎప్పుడూ ఆగకుండా తిరుగుతూ కూర్చోదు. నిలబెట్టి ఉంచితే అద్దం కరిగేంత వేడి రావడానికి చాలాసేపు పడుతుంది. అందుకని ముందు చేత్తో తీయాల్సింది తీసేసి బయల్దేరడమే మేలు. డ్రైవర్ ముందు ఒక కంతంత తీసి వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు భయం. పక్క అద్దాలు, వెనక అద్దం, కారు కప్పు మీద మంచు, అన్నీ తీయాలి. బ్రేకు వేసినప్పుడు కప్పు మీది మంచు జారి ముందు అద్దం మొత్తం కప్పేస్తుంది.

ఎడిసన్ నుంచి (పద్యం రాయడం ఇదే మొదలు, తప్పులుంటే చెప్పండి):

వేడినీరు పోయఁ బగులు నద్దమటంచు
నన్న చెప్ప వింటి, నాగియుంటి
నీరు కాగి లోన నిలకడ పడినంత
చల్లగాలి వేయఁ జలియె తొలఁగె

నిర్వాహకుడు: తమ్ముడూ, మొదటి పద్యానికే గణాలు ఎక్కడా తప్పలేదు, చాలా సంతోషం. మొదటి పాదంలో యతి ఒక్కటే కుదరలేదు. “వే”కు “బ” పొసగదు, వ, బలు ఒకటేనని (అభేదం) చెప్పుకున్నా అచ్చు మైత్రి లేదు. “వేడినీరు పోయ విచ్చు నద్దమటంచు” అంటే సరిపోతుంది. గాజు విషయంలో పగలడమే మనం రోజూ అనే మాట, దాన్ని వదులుకోవడం నాకూ కష్టంగానే ఉంది. కానీ నెర్రె విచ్చడం అన్న అర్థంలో “విచ్చు” తప్పు కాదు.

ఇక విషయం. గడ్డకట్టిన గాజు మీద వేడినీళ్లు పోస్తే ఒకచోట ఒక్కసారిగా వ్యాకోచించి పగలవచ్చు, ఇది అందరూ గుర్తుంచుకోవాలి. మూడో పాదం ఇంకా బాగుంది. హైబ్రిడ్‌లో హీటరుకు వేడి ఎక్కువగా వచ్చేది ఇంజన్ చుట్టూ తిరిగే నీటి నుంచే. “నీరు కాగి” అని మీరు అసలు కీలకాన్ని పట్టుకున్నారు.

ఎడిసన్ నుంచి: ధన్యవాదాలండీ, “విచ్చు” అనే మార్చుకుంటాను. ఒక సందేహం. పొద్దున సిగ్నల్ దగ్గర ఆగినా నా ఇంజన్ ఆగడం లేదు, మైలేజీ బాగా పడిపోతోంది. ఏదైనా లోపమా?

మిన్నియాపొలిస్ నుంచి: లోపం కాదు తమ్ముడూ. మీరు హీటరు ఎక్కువలో పెట్టి ఉంటారు. ఆ వేడి ఇవ్వాలంటే నీరు కాగి ఉండాలి, అందుకే కారు ఇంజన్‌ను తిప్పుతూనే ఉంటుంది. ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు తగ్గించి చూడండి, ఇంజన్ త్వరగా ఆగుతుంది. సీటు హీటరు ఉంటే అది వేసుకోండి. అది కరెంటుతో నడుస్తుంది, వెంటనే ఒంటికి తగులుతుంది, ఇంజన్ వేడి కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇంకో మాట, నిలబెట్టి పది నిమిషాలు తిప్పడం కంటే అద్దాలు శుభ్రం చేసి, అర నిమిషం ఆగి మెల్లగా నడిపితే ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు సలహాల్లో కూడా ఇదే ఉంది. 2010 మోడల్ ప్రియస్‌లో (టొయోటా హైబ్రిడ్ కారు) పొగగొట్టంలో వృథాగా పోయే వేడిని కూడా ఆ నీటికి మళ్లించే ఏర్పాటు పెట్టారు, నీరు తొందరగా కాగి ఇంజన్ తొందరగా ఆగాలనే.

కొలంబస్ నుంచి:

గదిని మూసి కారు కదలక యుంచితి
బండి వేడి యగుట వలయు ననుచు
కాగినంత లోనఁ గమ్మిన చెమ్మపై
చల్లగాలి వేయఁ జలియె తొలఁగె

నిర్వాహకుడు: అన్నా, ఛందస్సులో వంక పెట్టేందుకేమీ లేదు. “బండి”కి “వలయు” ప్రాచీనులు ఒప్పిన యతి. అయినా ఈ పూరణను నేను స్వీకరించలేను. మూసిన గ్యారేజీలో కారు ఆన్ చేసి ఉంచడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తల తిరిగేసరికే ఆలస్యమైపోతుంది. హైబ్రిడ్‌లో ఇంకో ప్రమాదం ఉంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు చప్పుడు ఉండదు కాబట్టి కారు ఆగిందనుకుని దిగి లోపలికి వెళ్లిపోతారు. కాసేపటికి ఇంజన్ దానంతట అదే మొదలవుతుంది, ఆ గ్యాసు గ్యారేజీ లోంచి ఇంట్లోకి చేరుతుంది. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచడం కూడా చాలదు, కారును బయటికి తీసుకొచ్చి వెచ్చబెట్టాలి. గ్యారేజీ ఇంటికి అంటుకుని ఉన్నవారు ఇంట్లో మోనాక్సైడ్ అలారం పెట్టించుకోండి. మొదటి పాదం మార్చి పంపండి, మిగతా మూడూ అలాగే ఉంచవచ్చు.

కొలంబస్ నుంచి: మీరన్నది నిజం. మారుస్తాను.

నోవై, మిషిగన్ నుంచి:

బయటి గాలిలోని పసివేడి గొనితెచ్చి
యదిమి వేడిఁ బెంచి యద్దమునకుఁ
బంపు యంత్రమునకు బలిమిగా వెలుపలి
చల్లగాలి వేయఁ జలియె తొలఁగె

నిర్వాహకుడు: దీన్ని చదివి కాసేపు ఊరికే ఉండిపోయాను. సమస్యలో పైకి అసంబద్ధంగా ఉన్నదే ఇక్కడ యంత్రం నిజంగా చేసే పని. ఇది హీట్ పంపు. గడ్డకట్టే గాలిలో కూడా కొంత వేడి ఉంటుంది. దానికంటే చల్లని ద్రవాన్ని బయటి కాయిల్‌లో తిప్పితే ఆ గాలి నుంచే వేడి ద్రవానికి చేరి అది ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని అదిమితే వేడి పెరుగుతుంది, ఆ వేడి లోపలికి వస్తుంది. ఛార్జింగ్ పెట్టుకునే కొన్ని హైబ్రిడ్‌లలో ఇది కనిపిస్తుంది. 2017 మోడల్ ప్రియస్ ప్రైమ్‌లో వాడిన పంపు సుమారు మైనస్ 10 డిగ్రీల దాకా ఇంజన్ లేకుండానే కారును వెచ్చబెట్టేలా తయారైంది. ఇతర పూరణల్లో చల్లగాలి చెమ్మను తీస్తే, ఇక్కడ చల్లగాలే వేడిని ఇస్తోంది. “పసివేడి” అన్న మాట మీదేనా? ఎంత ముద్దుగా ఉంది!

నోవై నుంచి: నాదేనండీ. గాలిలో మిగిలిన కొద్ది వేడికి వేరే మాట దొరకలేదు. ఛార్జరుకు తగిలించి ఉండగానే కారును వెచ్చబెట్టుకుంటే బ్యాటరీ తరగదు, బయల్దేరేసరికి సీటు కూడా వెచ్చగా ఉంటుంది.

నిర్వాహకుడు: ఈ వారం ఉత్తమ పూరణ నోవై వారిది. టొరంటో అక్కయ్య పదవిభజన దాని పక్కనే నిలుస్తుంది.

షికాగో నుంచి: అభినందనలు. నా సవరణ కూడా చూడండి.

అద్దమునను జలియె యావిరై కమ్మంగ
వేడిమీట నొక్కి వేచి చూచి
తడియె లేని బయటి దారినిఁ దెఱచి, యా
చల్లగాలి వేయఁ జలియె తొలఁగె

నిర్వాహకుడు: ఇప్పుడు ముడి పడింది మాస్టారూ. పట్టిందీ చలే, వదిలిందీ చలే. మిన్నియాపొలిస్ జనవరికి కూడా నప్పుతుంది. కొలంబస్ వారి కొత్త పాదం రాగానే అన్నీ ఒకచోట చేర్చి పెడతాను.