ఆరుగురు పిల్లల ఇంటి చదువు: వేసవి ఆఖరి నెలలో పాఠాలు మొదలుపెట్టాలా, ఆగాలా?

బలపం:
ఐదారుగురు పిల్లలు ఇంట్లోనే చదువుకునే కుటుంబాల్లో వేసవి ఆఖరి నెల వచ్చేసరికి ఈ తర్జనభర్జన తప్పదు. సెలవులు ఇంకా నాలుగు వారాలు ఉండగానే పాఠాలు కొద్దికొద్దిగా మొదలుపెట్టాలనేది ఒక వాదన. ఆ నాలుగు వారాలూ పుస్తకం ముట్టకుండా అన్నీ సర్దుకుని, ఒకే రోజున అందరికీ మొదలుపెట్టాలనేది రెండోది.

మాట్లాడుకోవడానికి వీలుగా పిల్లల వయసులు 13, 11, 9, 7, 5 అనుకుందాం. వీళ్లు కాక ఏడాదిన్నర పాప. చదువు చెప్పే పెద్దవాళ్లు ఒక్కరే. ఏది నయం? ఎందుకో, ఎలాగో, ఎక్కడ బెడిసికొడుతుందో వివరంగా రాయండి.

ఆరో ఎక్కం:
నేను మెట్టుమెట్టుగా మొదలుపెట్టడం వైపు. ఇక్కడ కరువయ్యేది పుస్తకాలు కాదు, పెద్దవాళ్ల సమయం. ఐదుగురికి తలా 20 నిమిషాలు పక్కన కూర్చున్నా 100 నిమిషాలు. పైగా మొదటి వారంలో ప్రతి పాఠానికీ రెట్టింపు సమయం పడుతుంది. నోట్‌బుక్ ఎక్కడుంది, ఏ పేజీ, తేదీ ఎటువైపు రాయాలి, అయిపోతే ఎవరికి చూపించాలి అని ప్రతి పిల్లా అడుగుతుంది. ఐదుగురూ ఒకే రోజు మొదలుపెడితే ఆ రెట్టింపంతా ఒక్కరి నెత్తిన పడుతుంది. మూడో రోజుకి గొంతు పోవడం, నాలుగో రోజుకి పాఠాలు మధ్యలో ఆగిపోవడం అందుకే.

అందుకని వారానికి ఒకరో ఇద్దరో. మొదటి వారం 13, 11 ఏళ్ల వాళ్లు. రెండో వారం 9 ఏళ్ల పిల్ల. తర్వాత 7, చివర 5. ఈ నెలంతా లెక్కలు, చదవడం మాత్రమే, మనిషికి 40 నిమిషాలు దాటకూడదు. సైన్సు, చరిత్ర అసలు వద్దు.

పెద్ద పిల్లలకి రోజుకొక కాగితం ఇవ్వాలి. ఏ పుస్తకం, ఏ పేజీ, ఎన్ని లెక్కలు, జవాబులు సరిచూశారా అన్నవి వరసగా ఉండాలి. ఇందులో ఒక చిక్కుంది. ఎవరూ చూడకపోతే ఒకే తప్పుని మూడు రోజులపాటు నలభై లెక్కల్లో చేసుకుంటూ పోతారు. కాబట్టి మొదటి మూడు లెక్కలు చూపించాకే నాలుగోది. ఈ ఒక్క అలవాటు కుదరడానికే వారం పడుతుంది. ఆ వారంలో ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి, అంటే చిన్నవాళ్లకి అప్పటికింకా పాఠాలు ఉండకూడదు.

చెట్టుకింద:
ఆరో ఎక్కం గారూ, మీ లెక్క తప్పని అనను. కానీ ఆ నాలుగు వారాలు ఖాళీగా పడి ఉన్నాయన్నట్టు రాశారు. అవి ఖాళీ కాదు.

ముందు సంవత్సరం లెక్క చూద్దాం. వారానికి ఐదు రోజుల చొప్పున 36 వారాలు చదివితే 180 రోజులు. ఆరు వారాల చదువు, ఒక వారం విరామం అని పెట్టుకుంటే ఆరు విడతలకి 42 వారాలు అవుతాయి. ఇంకా పది వారాలు మిగులుతాయి. అంటే ఈ నెలలో చదవకపోతే కొంప మునిగేదేం లేదు.

ఇప్పుడు ఆ నెల దేనికో చెప్తాను. పెద్ద కుటుంబంలో పాఠాలు కుదేలయ్యేది భిన్నాల దగ్గర కాదు, ఉతకని బట్టల దగ్గర, కడగని గిన్నెల దగ్గర. పొద్దున తొమ్మిదింటికి వంటగది ఖాళీ కాకపోతే ఆ రోజు లెక్కలు పదకొండింటికే. కాబట్టి వేసవి ఆఖరి నెల పనులు నేర్పే నెల. ఒక్కో పనికీ నాలుగు దశలుంటాయి. మనం చేసి చూపించడం, కలిసి చేయడం, వాళ్లు చేస్తుంటే నోరు మెదపకుండా చూడటం, చివరికి చేశాక వెళ్లి సరిచూడటం. ఒక్కో పనికి రెండు వారాలు ఇవ్వాలి. అంటే నెలలో మనిషికి రెండు కొత్త పనులు, అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే ఏదీ నిలవదు. ఎక్కువమంది మూడో దశ వదిలేసి రెండోదాని నుంచి నేరుగా నాలుగోదానికి దూకుతారు. అందుకే 'నేర్పాను కదా, అయినా చేయరు' అన్న ఫిర్యాదు వస్తుంది.

పుస్తకాల సంగతి కూడా ఉంది. పెద్దవాడి పాఠ్యపుస్తకం చిన్నవాడికి వస్తుంది, సరే. అందులో పెన్సిల్‌తో రాసిన జవాబులు చెరపాలి, వెనక చిరిగిన పేజీలు అతికించాలి. రాసి నింపేసిన అభ్యాస పుస్తకాలు మళ్లీ పనికిరావు, కొత్తవి తెప్పించాలి. సగం వాడిన నోట్‌బుక్కుల్లో రాసిన పేజీలు తీసి, మిగిలినవి చిత్తు లెక్కలకి ఉంచాలి. వీటికి రోజూ గంట కావాలి. పాఠాలు మొదలైతే అన్నిటికంటే ముందు ఎగిరిపోయేది ఆ గంటే. ఇక విడత మధ్యలో, పిల్లవాడు పుస్తకం చివరి పేజీకి వచ్చాక, తర్వాతి భాగం కోసం వెతుక్కుంటూ కూర్చోవాలి.

మీరుండే చోట ఇంటి చదువు గురించి అధికారులకి నోటీసు ఇవ్వాలనే నియమం ఉంటే, దాని గడువు కూడా ఈ నెలలోనే చూసుకోండి.

ఎక్కాల పెట్టె:
ఇద్దరి మాటల్లోనూ మరుపు గురించి లేదు. 1996లో అమెరికా పరిశోధకుడు హారిస్ కూపర్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు కలిపి చూసి, వేసవి సెలవుల్లో పిల్లలు సగటున నెల రోజుల చదువంత వెనకబడతారని చెప్పింది. ఎక్కువగా పోయేవి రెండు: లెక్కలు చేసే విధానం, అక్షరక్రమం. లెక్క ఎందుకు చేస్తున్నామో గుర్తుంటుంది, చేసే దారి మరిచిపోతారు.

దీనికి నెలంతా పాఠాలు అక్కర్లేదు. ఒక కార్డుల పెట్టె చాలు. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పెట్టెలో ఐదు అరలు. మొదటి అర రోజూ, రెండోది రోజు విడిచి రోజు, మూడోది వారానికి రెండుసార్లు, నాలుగోది వారానికోసారి, ఐదోది రెండు వారాలకోసారి. సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి అరలోకి వెళ్తుంది. తప్పితే ఏ అరలో ఉన్నా మొదటిదానికి వచ్చేస్తుంది.

2 నుంచి 9 దాకా ఎక్కాల్లో, 3×7నీ 7×3నీ ఒకటిగా లెక్కిస్తే, ఉన్నవి 36 మాత్రమే. రెండో ఎక్కం, ఐదో ఎక్కం పిల్లలకి బాగానే ఉంటాయి కాబట్టి వాటిని తీసేస్తే 21 మిగులుతాయి. రోజుకి మూడు కొత్త కార్డులు, అంతకు మించి వద్దు. ఎక్కువ వేస్తే మొదటి అర ఉబ్బిపోయి, పది నిమిషాల పని అరగంట అవుతుంది, నాలుగో రోజున పెట్టె మూలపడుతుంది.

ఇంకోటి. ఎక్కం గడగడా వప్పజెప్పే పిల్లని 'ఏడెనిమిదులు?' అని అడిగితే, ఏడు ఒకట్ల ఏడు దగ్గర్నుంచి మొదలెట్టి పైకి వస్తుంది. అది రావడం కాదు. కార్డులు కలిపి, వరస లేకుండా, మూడు సెకన్లలో చెప్పించాలి. 6×7, 6×8, 7×8 ఎక్కువగా తప్పుతాయి, వాటికి రెండేసి కార్డులు రాసుకోవచ్చు.

చెట్టుకింద:
ఎక్కాల పెట్టె గారూ, పది నిమిషాల కార్డులకి నా అభ్యంతరం లేదు. కానీ ఆ 'నెల రోజుల నష్టం' లెక్కని అంత గట్టిగా పట్టుకోకండి. 2019లో పాల్ వాన్ హిప్పెల్ అనే పరిశోధకుడు పాత ఫలితాలు కొన్ని కొత్త పరీక్షలతో చూస్తే నిలబడలేదని రాశారు. పరీక్ష ఎలా తయారైంది, మార్కులు ఏ కొలతలో చూశారు అన్నదాన్నిబట్టి నష్టం పెద్దగానూ కనిపిస్తుంది, దాదాపు లేనట్టుగానూ కనిపిస్తుంది. పైగా అవన్నీ బడి పిల్లల లెక్కలు.

ఎక్కాల పెట్టె:
సగటు ఎంతైనా కానివ్వండి, మన ఎదురుగా ఉన్న పిల్లకి ఏం పోయిందో చూసుకోవచ్చు కదా. పోయినేడాది పుస్తకంలోంచి 20 లెక్కలు తీయండి: కూడికలు-తీసివేతలు, గుణకారం, భాగహారం, భిన్నాలు, మాటల లెక్కలు, ఒక్కోదాంట్లో నాలుగు. నాలుగింట మూడు సరిగ్గా చేస్తే ఆ అంశం వదిలేయండి. కొత్త పుస్తకాల మొదట్లో పాత పాఠాలే మళ్లీ ఉంటాయి, వచ్చినవాటిని దాటేస్తే రెండు మూడు వారాలు కలిసొస్తాయి.

మార్కుల కంటే తప్పు ఏ రకమో చూడండి. 503లోంచి 278 తీసేయమంటే 375 అని రాసిందనుకోండి. అది అజాగ్రత్త కాదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది: ఎనిమిదిలోంచి మూడు, ఏడులోంచి సున్నా, ఐదులోంచి రెండు. మధ్యలో సున్నా ఉంటే అప్పు ఎక్కడ్నుంచి తేవాలో తెలియక చేసే పని ఇది. జవాబు 225. ఈ పిల్లకి యాభై తీసివేతలు ఇస్తే అదే తప్పు గట్టిపడుతుంది. పుల్లల కట్టలతో వందని పదులుగా, ఒక పదిని ఒకట్లుగా విప్పి చూపిస్తే రెండు పూటల్లో సరిపోతుంది. ఇది ఈ నెలలో తెలియడమే మేలు.

తెల్లవారుజాము:
మీరంతా ఏం నేర్పాలో మాట్లాడుతున్నారు, ఎప్పుడన్నది వదిలేశారు. ఎండలింకా తగ్గని రోజుల్లో మధ్యాహ్నం పాఠం పెట్టడం దండగ. చెయ్యి చెమటకి కాగితం మెత్తబడుతుంది, ఫ్యాన్ వేస్తే పేజీలు ఎగురుతాయి, ఏడేళ్ల పిల్ల నాలుగు వాక్యాలకే తల బల్ల మీద పెట్టేస్తుంది. ఈ నెలలో పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకే పనికొచ్చే సమయం.

అయితే సెలవుల్లో లేచే వేళ గంటన్నర జారిపోయి ఉంటుంది. దాన్ని ఒక్కరోజులో లాగొద్దు. రెండు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకి జరిపితే పన్నెండు రోజుల్లో గంటన్నర వస్తుంది. పడుకునే వేళతో కాకుండా లేచే వేళతో మొదలుపెట్టాలి. నిద్ర రాని పిల్లల్ని ముందే పడుకోబెడితే గదిలో గొడవ తప్ప నిద్రపోరు. తొందరగా లేపి పొద్దుటి వెలుతురులో బయట తిప్పితే రాత్రి నిద్ర దానంతటదే ముందుకొస్తుంది. 13 ఏళ్లు దాటినవాళ్లకి సహజంగానే నిద్ర ఆలస్యమవుతుంది, వాళ్ల దగ్గర మొండికి పోకండి.

గుణింతం:
ఆరో ఎక్కం గారి వరస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ఐదేళ్ల పిల్లని చివరికి నెట్టారు. ధారాళంగా చదివే పదకొండేళ్ల వాడు నెల రోజులు మానేసినా చదవడం మరిచిపోడు. అప్పుడప్పుడే అక్షరాలు కలుపుకుంటున్న పిల్లకి పది రోజుల విరామం చాలు, గుడికీ గుడిదీర్ఘానికీ మళ్లీ తడబడుతుంది, వత్తు కనిపిస్తే ఆగిపోతుంది. ఆ వయసుకి రోజుకి రెండుసార్లు, ఎనిమిదేసి నిమిషాలు. ఒకేసారి పదహారు నిమిషాలు కాదు. నిన్నటి నాలుగు మాటలు, ఇవాళ్టి రెండు మాటలు, చివర తనకి తేలిగ్గా వచ్చే ఒక వాక్యం. పిల్ల ఆవలించకముందే పుస్తకం మూసేయాలి.

ఆరో ఎక్కం:
ఈ మాట ఒప్పుకుంటాను. మొదటి వారంలో 5 ఏళ్ల పిల్లనీ, 13 ఏళ్ల వాడినీ కలిపి మొదలుపెట్టొచ్చు. ఒకరికి పెద్దవాళ్లు పూర్తిగా పక్కనుండాలి, ఇంకొకరికి మొదటి మూడు లెక్కలు చూస్తే చాలు. మధ్యవాళ్లు ముగ్గురూ తర్వాత. ఆపైన చిన్నవాళ్లకి పాఠం చెప్పే పని కొంత పెద్ద పిల్లలకి అప్పజెప్పొచ్చు.

గుణింతం:
అక్కడ జాగ్రత్తండీ. పెద్ద పిల్లలు కొత్త పాఠం చెప్పకూడదు. వాళ్లకి ఓపిక చాలదు, పిల్ల తడబడగానే జవాబు అందించేస్తారు. చిన్నది మాట వినకపోతే అన్నాచెల్లెళ్ల తగవు పాఠంలోకి వస్తుంది. వాళ్లకి ఇవ్వదగ్గవి రెండే: చిన్నవాళ్లు చదువుతుంటే వినడం, కార్డులు అడగడం. అదీ 15 నిమిషాలు, తమ చదువు అయ్యాక. వారంలో నాలుగు రోజులు మించితే పెద్దవాడి చదువు దెబ్బతింటుంది. ఇంట్లో ముందు పుట్టినందుకు వాడి చదువు తక్కువ కావడం న్యాయం కాదు.

బలపం:
ఏడాదిన్నర పాప సంగతి ఎవరూ ఎత్తలేదు.

తెల్లవారుజాము:
పాపని చివరికి కాదు, ముందు చూసుకోండి. లెక్కలకి ముందు పావుగంట ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడిస్తే తర్వాత అరగంట దొరుకుతుంది. పాఠాల వేళ మాత్రమే బయటికొచ్చే బొమ్మల పెట్టెలు ఐదు పెట్టుకోండి, రోజుకొకటి. పాఠం కాగానే మూసి పైన పెట్టేయాలి. రోజంతా అందుబాటులో ఉంటే మూడో రోజుకి మోజు తీరిపోతుంది. నోట్లో పట్టేంత చిన్న వస్తువులు, గుండీలు, పూసలు ఆ పెట్టెల్లో ఉండకూడదు. పాప పడుకున్న గంటని మాత్రం ఉతుకులకి వాడొద్దు. చదువు అందరికంటే కష్టంగా సాగుతున్న పిల్లకి, ఎదురెదురుగా కూర్చోడానికి దొరికే సమయం అదొక్కటే.

చెట్టుకింద:
ఆ గంట మీద నాకూ పేచీ లేదు. కానీ ఉతుకులు ఎవరు చేయాలి? పదకొండేళ్ల వాడికి అది ఈ నెలలో నేర్పకపోతే, పాఠాలు మొదలైన రెండో వారంలో ఆ గంట మళ్లీ బట్టలకే పోతుంది. నా మాట అక్కడే ఉంది: ముందు రెండు వారాలు పనులు, పొద్దున పది నిమిషాల కార్డులు, చిన్నదానికి ఎనిమిదేసి నిమిషాల చదవడం. మిగతా పుస్తకాలు ఆ తర్వాతే తెరవండి.

ఆరో ఎక్కం:
రెండు వారాలైతే సరే. 13 ఏళ్ల వాడి రోజు కాగితం మాత్రం మొదటి రోజునుంచే ఇవ్వండి, అందులో ఉతుకులు కూడా ఒక వరసగా రాసి.