పాత పేటెంట్ల వివరణ పత్రాలు ఎక్కడ దొరుకుతాయి?

కావలిలో కళ్లజోళ్ల దుకాణం నడిపిన మా పెదతాతగారు 1960ల్లో, పొగాకు ఆకును కర్రకు కట్టే చేతి యంత్రం మొదలుకొని పొలం హద్దులు తేల్చే అద్దాల పరికరం దాకా, ఒకదానికొకటి పొంతన లేని వస్తువులెన్నిటికో పేటెంట్లు తీసుకున్నారని ఇంట్లో పెద్దలు చెబుతారు. మిగిలినవాటి మాట ఎలా ఉన్నా, అరచేతిలో ఇమిడే ఇత్తడి డబ్బీ ఒకటి నా దగ్గరే ఉంది. అందులో 45 డిగ్రీల కోణంలో అమర్చిన రెండు అద్దాలు పక్కనున్న గుంజ నుంచి వచ్చే వెలుగును 90 డిగ్రీలు మళ్లించి, ఎదుటి గుంజ కిందనే అది నిలబడినట్లు చూపిస్తాయి. నేల మీద లంబకోణం గుర్తించడానికి సర్వేయర్లు వాడే ఆప్టికల్ స్క్వేర్ సూత్రం కూడా ఇదే కనుక, ఆయన కోరిన హక్కు బహుశా అద్దాన్ని సవరించే పక్క స్క్రూకే పరిమితమై ఉంటుందని నా అనుమానం.

కాగితాల్లో చెదలు తినగా మిగిలింది దరఖాస్తు సంఖ్య, సంవత్సరం మాత్రమే. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమలులోకి రాకముందు, అంటే 1911 నాటి చట్టం కింద దాఖలైన వివరణ పత్రాలను బొమ్మలతో సహా పొందాలంటే చెన్నై పేటెంటు కార్యాలయానికి రాయాలా, కోల్‌కతాకా? దరఖాస్తు సంఖ్య ఉన్నంత మాత్రాన పేటెంటు మంజూరైనట్లేనా? గడువు ఎప్పుడో తీరిపోయింది గనుక హక్కుల పేచీ ఏమీ లేదు. ఆ బొమ్మలు చూసి ఒంగోలులో లేత్ పని తెలిసినవారి చేత నమూనాలు మళ్లీ చేయించాలన్నదే నా ఉద్దేశం. ఇటువంటి పాత పత్రాలు తెప్పించుకున్న అనుభవమున్నవారు దయచేసి దారి చూపగలరు.